ఆటలో అరటిపండుకి గడువు పెట్టండి: పిల్లలందరూ కలిసి ఆడుకునేలా, ఎవరూ ఎవర్నీ ఏడిపించకుండా చూసుకోవడం ఎలా?

సాయంత్రం ఐదున్నర దాటి ఎండ కాస్త తగ్గాక విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి పిల్లలు దిగుతారు. స్కూటర్లు ఓ పక్కకి నెట్టి, గుండ్రంగా నిలబడి పంటలు వేసుకుంటారు. పండినవాడు తప్పుకుంటాడు, చివరికి మిగిలినవాడు దొంగ. ఈలోపు ఎవరో ఒకరు, చాలాసార్లు తొమ్మిదేళ్ళ పెద్దమనిషి, ఒక బుడ్డోడి వైపు వేలు చూపించి తీర్పు చెప్పేస్తాడు: “వీడు ఆటలో అరటిపండు.”

ఆ ఏర్పాటు మీద నాకు గౌరవం ఉంది. చిన్నవాణ్ణి ఇంటికి తరిమేయకుండా, ఔటైనా ఔటు చేయకుండా, పెద్దపిల్లల మధ్య తిరగనిస్తుంది. కానీ తిరకాసు కూడా అందులోనే ఉంది. అరటిపండుని ఎవరూ పట్టుకోరు, ఎవరూ వెతకరు. మీటర్ల గదిలో దాక్కున్నా, ఎదురుగా నిలబడ్డా ఒకటే. వారం రోజులు అరటిపండు అయితే ముద్దు, ఆరు నెలలు అదే అయితే వెలి. ముప్ఫై ఏళ్ళు చిన్న తరగతులకి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఈ సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకు కూర్చుంటున్నాను. ఒక పిల్లాడు ఆటలో నిజంగా కలిశాడా లేదా తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒక్కటే: వాడు దొంగ అవుతున్నాడా?

మూడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ వరకూ ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అపార్ట్‌మెంటైనా, వీధైనా, బడిలో ఇంటర్వెల్ అయినా, అంగన్‌వాడీ అయినా పద్ధతి పెద్దగా మారదు.

మొదటి అడుగు: వారం రోజులు ఏమీ అనకుండా చూడండి

పెద్దవాళ్ళకి అన్నిటికంటే కష్టమైన అడుగు ఇదే. “అందరూ కలిసి ఆడుకోండర్రా” అని ఒక కేకేసి ఫోన్లో పడిపోతాం. ఆ కేక విని కలిసి ఆడిన పిల్లల్ని నేనింతవరకూ చూడలేదు. దానికి బదులు ఒక పాత డైరీ తీసుకుని రోజూ పావుగంట కూర్చోండి. జట్లు కట్టేటప్పుడు చివర మిగిలేది ఎవరు? ఆట మధ్యలో “నాకు ఆకలేస్తోంది” అంటూ ఇంటికి జారుకునేది ఎవరు? ఎవర్ని అసలు పేరుతో పిలవడం లేదు? ఎవరు నవ్వితే మిగతావాళ్ళు నవ్వుతున్నారు? వారం తిరిగేసరికి రెండు మూడు పేర్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి.

చూసేటప్పుడు వయసు గుర్తుంచుకోండి. మూడేళ్ళ పిల్ల ఇంకో పిల్ల పక్కనే కూర్చుని, పలకరించకుండా, తన మూతల్లో తను ఇసుక పోసుకుంటోందంటే ఎవరో వెలేసినట్టు కాదు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటని గమనించి కొన్ని రకాలుగా విడదీశారు. ఒంటరిగా ఆడడం, పక్కన నిలబడి చూడడం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, ఆ తర్వాత నలుగురితో కలవడం. కాబట్టి చూస్తూ నిలబడ్డ పిల్లాడు ఆట నేర్చుకుంటూ ఉండవచ్చు. రెక్క పట్టుకుని మధ్యలోకి తోయకండి. అదే ఏడెనిమిదేళ్ళ పిల్లాడు నెలల తరబడి గోడకి ఆనుకునే నిలబడుతుంటే మాత్రం పట్టించుకోవాలి.

మామూలు పోట్లాటకీ, పనిగట్టుకుని ఏడిపించడానికీ తేడా తెలియాలి. నార్వేలో ఈ విషయం మీద 1970ల నుంచీ పనిచేసిన డాన్ ఓల్వియస్ చెప్పిన మూడు గుర్తులు నాకు బడిలోనూ పనికొచ్చాయి, ఇక్కడా పనికొస్తున్నాయి. కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, బలం ఒక పక్కనే ఉండడం. బలం అంటే కండ ఒక్కటే కాదు. వయసు, మాట, వెనకున్న జట్టు, బ్యాటు ఎవరిదన్నది కూడా. సమఉజ్జీలు ఇద్దరు నువ్వెంతంటే నువ్వెంత అనుకుంటుంటే రెండు నిమిషాలు ఆగండి, వాళ్ళే తేల్చుకుంటారు. రోజూ ఒకే పిల్లాడి చెప్పులు స్కూటర్ డిక్కీలో దొరుకుతుంటే మాత్రం కుర్చీలోంచి లేవాలి.

రెండో అడుగు: జట్లు ఎంచుకునే పద్ధతి మార్చేయండి

ఇదంతా చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్కటి చేయండి, సగం పని అయినట్టే.

ఇద్దరు లీడర్లు నిలబడి ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలుచుకోవడం మనందరం చూసిందే. చివరికి ఒకళ్ళు మిగులుతారు. మా సెల్లార్‌లో మిగిలే పిల్ల స్తంభానికి ఆనుకుని, ఊడిన సున్నం గోటితో గీకుతూ ఉండేది. అటూ ఇటూ లీడర్లు “నువ్వు తీసుకో”, “నాకొద్దు, నువ్వే తీసుకో” అనుకునేవాళ్ళు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అయినా రోజుకి మూడు ఆటలు ఆడితే మూడుసార్లు ఆ పిల్లని అందరి ముందూ వేలం వేసినట్టే.

చెడుగుడు ఆడేవాళ్ళు వెనకటి రోజుల్లో జట్లు ఎలా కట్టేవారో పిల్లలకి నేర్పండి. ఇంచుమించు ఒకే సత్తా ఉన్న ఇద్దరు జంటగా చాటుకి వెళ్ళి చెరో పేరు పెట్టుకుంటారు. తిరిగొచ్చి లీడర్ని అడుగుతారు: “మామిడిపండు కావాలా, జామపండు కావాలా?” లీడరు జామపండంటే జామపండు ఆ జట్టులోకి, మామిడిపండు అవతలి జట్టులోకి. ఎవరు ఏ పండో లీడరుకి తెలియదు. చివర మిగిలేవాళ్ళు ఉండరు. జట్లు సమంగా కుదురుతాయి. పైగా ఆ పేర్లు పెట్టుకోవడమే పిల్లలకి పెద్ద సరదా. మా దగ్గర మామిడిపండు, జామపండు అయిపోయి ఇప్పుడు “బిర్యానీ కావాలా, పునుగులు కావాలా” దాకా వచ్చింది. పునుగుల్నే ఎక్కువమంది కోరుకుంటున్నారని లీడర్ల మీద ఫిర్యాదు కూడా ఉంది.

బడిలో టీచర్లకి ఇంకా సులువు. హాజరుపట్టీలో సరి అంకె వాళ్ళు ఒక జట్టు, బేసి అంకె వాళ్ళు ఒక జట్టు. మర్నాడు ఇంకో లెక్క. “మీకు నచ్చిన వాళ్ళతో జంట కట్టండి” అన్న మాట మాత్రం క్లాసులో అనకండి. నచ్చనివాళ్ళెవరో ఆ మాటతో మనమే అందరికీ చూపించినట్టవుతుంది.

మూడో అడుగు: అరటిపండుకి గడువు

కొత్తగా చేరిన పిల్లాణ్ణి వారం రోజులు అరటిపండుగా ఉండనివ్వండి. ఆట అర్థం కావాలి, భయం పోవాలి. ఆ మాట మొదటి రోజే అందరి ముందూ చెప్పండి: “ఆదివారం దాకా వీడు అరటిపండు. సోమవారం నుంచి వీడికీ పంటలు.” పిల్లలు దయ చూపించమంటే మొహం తిప్పుకుంటారు గానీ, ఇది రూలు అంటే ప్రాణం పోయినా పాటిస్తారు.

రెండో వారం వాడికి రెండు ప్రాణాలు ఇవ్వండి, ఒకసారి దొరికినా ఆటలో ఉంటాడు. మూడో వారం దొంగ అయితే తోడుగా ఒక పెద్దపిల్లని జంట దొంగగా పెట్టండి. నాలుగో వారం ఏ మినహాయింపూ లేదు. తేదీలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు, మెట్టు ఎక్కుతున్నాడా లేదా అన్నదే లెక్క. మొదటిసారి దొంగ అయినప్పుడు చాలామంది ఏడుస్తారు. “పాపం, చిన్నవాడు, వదిలేయండిరా” అని పైనుంచి ఏ నాయనమ్మో అరుస్తుంది. ఆ అరుపే మళ్ళీ మొదటికి తెస్తుంది. పక్కన కూర్చుని ఏడుపు తగ్గేదాకా ఉండండి, ఆట మాత్రం ఆపకండి.

నాలుగో అడుగు: పిల్లాణ్ణి కాదు, ఆటని వంచండి

కాళ్ళు సరిగా ఆడని పిల్లకి స్కోరు రాసే పని ఇచ్చి కలిపేశామనుకుంటాం. అది కూడా అరటిపండే, చేతిలో పెన్ను ఉన్న అరటిపండు.

నాలుగు స్తంభాలాటే తీసుకోండి. సెల్లార్‌లో స్తంభాలకి కరువు లేదు కదా. నడక నెమ్మదిగా ఉన్న పిల్ల ఆడుతుంటే ఆ రోజు రూలు “ఎవరూ పరిగెత్తకూడదు, మడమ బొటనవేలికి తాకేలా అడుగులో అడుగు వేయాలి”. అందరి వేగం ఒకటైపోతుంది, ఆట కూడా మరింత నవ్వు పుట్టిస్తుంది. చూపు తక్కువైన పిల్లాడుంటే ఏడు పెంకులాట మానేసి కళ్ళగంతలాట పెట్టండి, అందులో వాడే మొనగాడు. వినికిడి సమస్య ఉంటే ఈల బదులు చేతిరుమాలు ఊపండి. ఆటిజం ఉన్న పిల్లలకి ఆట మొదలయ్యే ముందే సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి రూలు చూపించండి, ఆట ఎప్పుడు ఆగుతుందో కూడా ముందే చెప్పండి. గోల భరించలేనప్పుడు వెళ్ళి కూర్చోవడానికి ఒక మూల వాళ్ళదిగా ఉంచండి. ఆ మూలకి వెళ్ళడం శిక్ష కాదని మిగతావాళ్ళకి తెలియాలి.

వైకల్యం అంటే కంటికి కనిపించేదే అనుకోవద్దు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, అందులో చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మన రాష్ట్రంలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచర్లని అడిగితే మీ పిల్లకి ఏ ఆట ఎలా మార్చాలో చెబుతారు.

ఐదో అడుగు: వాచ్‌మన్ కూతురు

ఇది పిల్లల తప్పు కాదు, కాబట్టి పిల్లలకి చెప్పి లాభం లేదు. దాదాపు ప్రతి అపార్ట్‌మెంట్‌లో కింద గదిలో ఒక పిల్లో పిల్లాడో ఉంటారు. ఆటకి అందరికంటే దగ్గర్లో ఉండేది వాళ్ళే, ఆడనిది కూడా వాళ్ళే. బంతి కాలవలో పడితే తెచ్చివ్వడానికి మాత్రం పిలుపొస్తుంది. ఆరేళ్ళ పిల్లాడికి ఆ తేడా పుట్టుకతో రాదు. “వాళ్ళతో నీకేంటి, పైకి రా” అని లిఫ్ట్ దగ్గర వినిపించే గొంతు నుంచి వస్తుంది. కులం విషయంలోనూ, మతం విషయంలోనూ, “వాళ్ళింట్లో ఏం పెట్టినా తినకు” అన్న మాట విషయంలోనూ ఇంతే.

చేయాల్సింది చిన్నదే. పుట్టినరోజు కేకు కింద కోసినప్పుడు ఆ పిల్లకి పేపర్ ప్లేట్‌లో పెట్టి పంపకండి, వరసలో నిలబెట్టండి. ఆ పిల్ల పేరు తెలుసుకుని పిలవండి. విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనకబడిన కుటుంబాల పిల్లలకి ఇవ్వాలని అందులో ఉంది. సీటు చట్టం ఇస్తుంది గానీ, “వాడు ఫ్రీ సీటోడు” అన్న మాట పిల్లాడి నోట్లోకి వచ్చేది మన డైనింగ్ టేబుల్ దగ్గర్నించే.

ఆరో అడుగు: పెట్టుడు పేర్లు, నేను చేసిన తప్పు

2024 సెప్టెంబరు మొదట్లో మా ఊళ్ళో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో ఉండిపోయినప్పుడు, ఒక ఏడేళ్ళ పిల్లాడు తల్లితో కలిసి మా మూడో అంతస్తులో అమ్మమ్మగారింటికి వచ్చాడు. ఒంటి మీద ఎవరివో వదులు చొక్కాలు. రెండో రోజుకల్లా సెల్లార్‌లో వాడి పేరు బుడమేరు అయిపోయింది. “ఒరేయ్ బుడమేరూ, గేటు వేయరా, నీళ్ళొచ్చేస్తాయి.” వాడు కూడా నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడు కదా అని మేమూ నవ్వాం, నేను కూడా.

తర్వాత ఒక సాయంత్రం వాన మొదలైంది. పిల్లలంతా గోల చేస్తూ తడవడానికి బయటికి పరిగెత్తారు. వాడు మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకున్నాడు. చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

తెలిశాక కూడా తెలివితక్కువ పనే చేశాను. పిల్లలందర్నీ నిలబెట్టి, వాణ్ణి మధ్యలో నిలబెట్టి, ఒక్కొక్కరితో సారీ చెప్పించాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. మర్నాటి నుంచి వాడి పేరు సారీ. “ఒరేయ్ సారీ, బంతి వెయ్యరా.”

సోడాబుడ్డి, బొండాం, నత్తి, నల్లపిల్ల, పొట్టి, ఏ పేరైనా వదిలించే దారి ఇది కాదు. మొదట పిల్లాణ్ణి విడిగా అడగండి: “ఆ పేరు నీకిష్టమేనా? వద్దంటే నేను ఆపిస్తాను.” నవ్వుతూ భుజాలెగరేస్తే మర్నాడు మళ్ళీ అడగండి. తర్వాత ఆ పేరు పెట్టినవాణ్ణి విడిగా, ఒక్కణ్ణే, పక్కన కూర్చోబెట్టుకోండి. ఉపన్యాసం వద్దు. “ఆ పేరు వాడికి బాధగా ఉంది. రేపట్నుంచి నువ్వు అసలు పేరుతో పిలువు. నువ్వు పిలిస్తే మిగతావాళ్ళూ పిలుస్తారు, నీ మాట వింటారు కదా.” పేర్లు పెట్టేవాడికి పలుకుబడి ఉంటుంది, ఆ పలుకుబడిని మన వైపు తిప్పుకోవాలి. ఇక మూడోది, పెద్దలు ముందు తమ నోరు అదుపులో పెట్టుకోవడం. “ఏరా బండోడా, తిన్నావా?” అని ప్రేమగానే అంటారు మావయ్యలు. పక్కనున్న పిల్లలు ప్రేమని వదిలేసి పేరు పట్టుకుపోతారు.

ఏడో అడుగు: కళ్ళెదురుగా జరుగుతుంటే

అరవకండి. ఇద్దరి మధ్యకి నడిచి నిలబడండి. మీ ఒళ్ళే సగం పని చేస్తుంది. చూసింది చూసినట్టు చెప్పండి: “నువ్వు వాడి బంతి లాక్కుని పైకెత్తి పట్టుకున్నావు. ఇచ్చేయ్.” “నువ్వు చెడ్డపిల్లాడివి” అని మాత్రం అనకండి, ఆ ముద్ర వేసుకుని తిరగడం కొందరికి గొప్పగా ఉంటుంది. దెబ్బలు తిన్న పిల్లాడి దగ్గరికి ముందు వెళ్ళండి, కొట్టినవాడి దగ్గరికి తర్వాత. “ఎందుకు చేశావు?” అన్న ప్రశ్న అక్కడికక్కడ వేస్తే అబద్ధమే జవాబుగా వస్తుంది. అది ఒంటరిగా ఉన్నప్పుడు, అన్నం తిన్నాక అడగాల్సింది.

ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడం సమఉజ్జీల పోట్లాటకి పనికొస్తుంది. ఒకడు ఇంకొకణ్ణి నెల రోజులుగా వేధిస్తుంటే ఆ రాజీలో బలహీనుడే మళ్ళీ ఓడిపోతాడు.

చూస్తూ నిలబడ్డవాళ్ళని మర్చిపోవద్దు. కెనడాలో బడి ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి చేసిన పరిశీలన ఒకటి 2001లో వచ్చింది. తోటిపిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా పది సెకన్లలోనే వేధింపు ఆగిపోయింది. కానీ అడ్డుపడేవాళ్ళు తక్కువ. అడ్డుపడమంటే వెళ్ళి తన్నమని కాదు. మా పిల్లలకి నేను మూడు మాటలు నేర్పాను: “ఇంక చాల్లేరా”, “రా, మా జట్టులోకి రా”, “మామ్మని పిలుస్తా” (మామ్మ అంటే నేనే). మధ్యది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఎవర్నీ ఏమీ అనకుండా పిల్లాణ్ణి అక్కణ్ణించి తీసుకొచ్చేస్తుంది. దీన్ని నాటకంలా ఆడించండి, ఒకళ్ళు ఏడిపించేవాళ్ళు, ఒకళ్ళు ఏడ్చేవాళ్ళు, ఒకళ్ళు “రా మా జట్టులోకి” అనేవాళ్ళు. నోటికి అలవాటు కాని మాట సమయానికి రాదు.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చి చెబితే

“కొట్టించుకుని వస్తావా? నువ్వూ నాలుగు పీకు” అని తండ్రులు అంటారు. పీకగలిగినవాడైతే ఇంటికొచ్చి చెప్పడు కదా. “నువ్వేం చేశావో ముందది చెప్పు” అని తల్లులంటారు. ఆ రెండు మాటల్లో ఏది విన్నా పిల్లాడు మళ్ళీ మన దగ్గర నోరు విప్పడు. “చెప్పి మంచి పని చేశావు. తర్వాతేమైంది?” అంటే చాలు.

చాడీకీ, చెప్పుకోవడానికీ తేడా ఇలా చెప్పండి: ఒకళ్ళని తిట్టించడానికి చెబితే చాడీ, ఒకళ్ళని కాపాడడానికి చెబితే సాయం. ఐదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది.

కొందరు చెప్పరు. అలాంటప్పుడు పొద్దున్నే కడుపునొప్పి, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, పెన్సిళ్ళు రోజూ పోవడం, ఆటకి వెళ్ళనని చెప్పకుండా “హోంవర్క్ ఉంది” అనడం చూసుకోండి.

తొమ్మిదో అడుగు: ఏడిపించేది మనవాడే అయితే

“మావాడలా చేయడు” అన్న మాట మింగేయండి. ఫిర్యాదు తెచ్చినవాళ్ళ ముందు వాణ్ణి కొట్టకండి, కొడితే బలమున్నవాడు లేనివాణ్ణి కొట్టవచ్చని మనమే పాఠం చెప్పినట్టు. ఇంట్లో అన్న చేతిలోనో, ట్యూషన్‌లో పెద్దవాళ్ళ చేతిలోనో వాడు తిన్నది ఇక్కడ తీర్చుకుంటున్నాడేమో చూడండి. పాడు చేసింది బాగుచేసే పని వాడికే ఇవ్వండి. చింపిన పుస్తకానికి అట్ట వేయాలి, పారేసిన బంతి తన డబ్బాలోని డబ్బులతో కొనివ్వాలి.

పదో అడుగు: బడికి వెళ్ళాల్సి వస్తే

కోపంగా వెళ్ళకండి, కాగితంతో వెళ్ళండి. ఏ తేదీన, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు. ముందు క్లాస్ టీచర్, తర్వాత ప్రధానోపాధ్యాయులు. నోటితో చెప్పింది రాసి కూడా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అవతలి పిల్లాణ్ణి గేటు దగ్గర పట్టుకుని మీరే బెదిరించకండి. వేధించేది టీచరే అయితే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననీ, మానసిక వేధింపునీ నిషేధించిందని గుర్తుచేయండి. ఎవరూ పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చేయవచ్చు, పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే ఉచిత నంబరు. పిల్లాడి నిద్ర, తిండి దెబ్బతింటే 14416కి చేయండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

సింగ్‌నగర్ పిల్లాడు మా దగ్గర రెండు నెలలున్నాడు. పేరు పెట్టిన తొమ్మిదేళ్ళ పెద్దమనిషితో నేను విడిగా మాట్లాడాక, అసలు పేరు నోటికి రావడానికి పది రోజులు పట్టింది. అరటిపండు గడువు అయిపోయిన సోమవారం పంటల్లో వాడే మిగిలాడు. నాలుగు స్తంభాల మధ్య నిలబడి, వదులు చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఇరవై నిమిషాలు పరిగెత్తినా ఎవరూ దొరకలేదు. చివరికి చెమటలు కక్కుకుంటూ నా కుర్చీ దగ్గరికొచ్చాడు.

“చూడండి మామ్మా, మూడుసార్లు నుంచీ నేనే దొంగ. వీళ్ళంతా తొండి!”

“తొండి ఆడితే వాళ్ళతో తేల్చుకో, నాకెందుకు చెబుతావు?” అన్నాను.

వెళ్ళి తేల్చుకున్నాడు. ఆ అరుపులకి రెండో అంతస్తు వాళ్ళు కిటికీలు వేసుకున్నారు.